ఉప్పెన రాని కార్తీకం

మొన్నొక ఉదయం పటమట రైతుబజారులో దొండకాయల బుట్ట దించుతున్న అమ్మాయి, కాయలతోబాటు వచ్చిన తీగను తెంపి పక్కకు విసిరేసింది. వచ్చేపోయేవాళ్ళ చెప్పుల కింద ఆ ఆకులు నలిగి పసరు వాసన లేచింది. కొత్తిమీర బేరం మధ్యలో వదిలేసి అక్కడే నిలబడిపోయాను. అది నాకు కూర వాసన కాదు, బడి వాసన. శనివారం మధ్యాహ్నం దొండాకూ బొగ్గూ కలిపి నూరి, ఆ ముద్దతో నల్లబల్లను నున్నగా రుద్ది, మోచేతుల దాకా మసి పూసుకుని ఇళ్ళకు పరిగెత్తే పిల్లల వాసన.

ఇది రాయాలని అప్పుడే అనుకున్నాను గానీ, రాయవలసిన కారణం పాతదే. నేను బడిలో చదివింది అయిదో తరగతి వరకే. తక్కిన చదువంతా చేపల దుకాణం కట్టేశాక సాయంత్రాలు శాఖా గ్రంథాలయంలో కూర్చుని, బీరువా తరవాత బీరువాగా చదువుకున్నది. ఆ మాట చెప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు, కొంచెం గర్వమే. దివిసీమ ఉప్పెన గురించి అక్కడ దొరికినవన్నీ చదివాను. గాలి ఎంత వేగంతో వీచిందో ఉంది, నీరు ఎంత ఎత్తు లేచిందో ఉంది, చూడడానికి వచ్చిన పెద్దల ఫోటోలున్నాయి. కానీ ఏడాది తిరిగాక, అది మళ్ళీ వస్తుందని మేమంతా హడలిపోయి, అది రాక బతికిపోయిన ఒక వారం గురించి ఎక్కడా ఒక్క వాక్యం లేదు. ఏమీ జరగని వారాన్ని ఎవరు రాస్తారు? గుర్తున్నవాళ్ళే రాయాలి. గుర్తున్నవాళ్ళం తగ్గిపోతున్నాం.

మాది దివిసీమ అంచున చేపలు పట్టుకునే వాళ్ళ పల్లె. కార్తీకం వచ్చిందంటే తెల్లారుజామున ఇసుక కాళ్ళకు చల్లగా తగిలేది, దండేల మీద ఎండుతున్న సావడాయ చేపలు మంచుకు మళ్ళీ మెత్తబడేవి, నాగుల చవితికి దంచిన చిమ్మిలి ఉండలు డబ్బా అడుగున ఒకటీ రెండూ మిగిలి అమ్మ చూడనప్పుడు మాయమయ్యేవి. మా నాన్న బందరులో బోట్ల మీద పనికి పోయి నెలకోసారి వచ్చేవాడు. ఇంట్లో అమ్మ నాంచారమ్మ, బాబాయి ఏడుకొండలు, నేను. ఉప్పెన తరవాత ఊళ్ళో పాతవాటిలో నిలబడి ఉన్న గోడలంటే బడివే. ఆ రాత్రి అమ్మ నన్ను భుజాలమీద ఎత్తుకుని నిలబడింది ఆ బడి వరండాలోనే. ఆ తరవాత ఆమె బడి గడప తొక్కలేదు. నాకు సద్ది తెచ్చినా తడిక దగ్గరే నిలబడి కేకేసేది.

పిల్లలం మాత్రం ఆ వరండాలోనే కొత్త ఆట కనిపెట్టాం. ఒకళ్ళు "ఉప్పెనొచ్చె!" అని అరిస్తే తక్కినవాళ్ళు అరుగో, గోడో, తిరగేసిన పడవో ఏదో ఒకటి ఎక్కెయ్యాలి, నేలమీద మిగిలినవాళ్ళు ఓడినట్టు. పెద్దవాళ్ళు వింటే వీపులు పగిలేవి.

వెంకటరత్నం మేష్టారు ఉప్పెన తరవాతే మా ఊరు వచ్చారు. అయిదు తరగతులకూ ఆయనొక్కరే. ఎక్కాలు చెప్పడానికి గవ్వలు, కృష్ణ పులిగడ్డ దగ్గర రెండుగా చీలడం చూపించడానికి ఇసుకలో గాడి తవ్వి చెంబుతో నీళ్ళు. ఇవిగాక ఆయనకు ఇంకో పద్ధతి ఉండేది. వరండాలో దారివైపు తిప్పిన నల్లబల్లను నిలువుగా రెండు చేసి, ఒక పక్క "చూసినది", ఇంకో పక్క "విన్నది" అని రాయించేవారు. పొద్దున్నే ఒక్కో పిల్లా ఊరి కబురొకటి తేవాలి, అది ఏ పక్కన రాయాలో చెప్పాలి. వీరాస్వామి గేదె ఈనింది, చూసినది. రేషను షాపుకి కిరసనాయిలు వస్తుందట, విన్నది. దారిన పోయేవాళ్ళు గంప దించి మరీ మా చేత చదివించుకునేవాళ్ళు.

"మా తాత తాడిచెట్టు మీద దెయ్యాన్ని చూశాడండి," అన్నాడొకసారి మా తరగతి నాంచారయ్య.

"నువ్వు చూశావంట్రా?"

"లేదండి, తాతండి."

"అయితే విన్నదాన్లో రాయి. మీ తాతని రేపు రమ్మను, ఇటు మారుద్దాం."

ఉప్పెనకు ఏడాది తిరిగిన కార్తీకంలో ఒక సోమవారం ఆరుగురు పిల్లలు ఒకే కబురు తెచ్చారు. పున్నమికి మళ్ళీ ఉప్పెన వస్తుందట. సర్కారువాళ్ళకు ముందే తెలిసిందట. నీళ్ళు ఎందాకా వస్తాయో ఎర్రరంగుతో గీతలు కూడా పెట్టి పోయారట. గీతలు నిజమే. ఆదివారం బడి లేనప్పుడు ఎవరో వచ్చి గట్టు వెంబడి తాడిచెట్లకూ, దసరాకు సున్నం కొట్టిన మా బడి గోడకూ అడ్డంగా ఎర్రగీత పెట్టి పోయారు. మేష్టారు "గోడమీద ఎర్రగీత ఉంది" అని చూసినదాంట్లో రాయించి, తక్కినదంతా విన్నదాంట్లో రాయించారు.

నేను ఇంటికి వెళ్ళేసరికి అమ్మ బట్టలు మడతపెడుతోంది. శనివారం బస్సుకు పటమటలో ఉన్న మా మేనమామ ఇంటికి పోవడం, ఇక రాకపోవడం. ఆయన రిక్షా తొక్కేవాడు. అత్త అక్కడ గిన్నెలు తోమే ఇంట్లోనే నన్నూ పెట్టిస్తానని ఎప్పుడో కబురు చేసింది.

"బడో?" అన్నాను.

"బతికుంటే గదే బడి."

ఉప్పెన రాత్రంతా ఆమె భుజాలమీద కూర్చుని బతికినదాన్ని, రానని అనలేను. అయినా గిన్నెలు తోమడానికి పోవాలని లేదు. నల్లబల్లమీద రాయడం నాకప్పుడే బాగా పట్టుబడుతోంది.

మర్నాడు మేష్టారితో చెప్పి ఏడ్చాను. ఆయన ఓదార్చలేదు. అందరికీ ఇంటిపని ఇచ్చారు: ఈ కబురు మీకెవరు చెప్పారు, వాళ్ళకెవరు చెప్పారు, అడిగి రండి. బుధవారం బల్లమీద పేర్లు ఒకదానికొకటి తగిలించి గీస్తే వలలా అల్లుకుంది. సగం పేర్లు ఎండుచేపలమ్మే వెంకాయమ్మ మామ్మ దగ్గరికే చేరాయి. మేష్టారు ఆమెను పిలిపించి తన కుర్చీలో కూర్చోబెట్టారు. మామ్మ కుర్చీ నిండా కూర్చుని మా వంక ఉరిమి చూసింది.

"నేనేవన్నా అబద్దాలకోరునా మేష్టారండీ? ఆదివారం సాయంత్రం పక్కూరి సంతలో నాలుగు ఊళ్ళవాళ్ళు అడిగారు, మీ ఊళ్ళో గీతలు పెట్టారంట గదా అని. బండి వీరన్న చెప్పాడంట ఆళ్ళకి."

"వీరన్నకెవరు చెప్పారు మామ్మగారూ?"

మామ్మ నన్ను చూసి పకపకా నవ్వింది. "ఇదుగో, దీని బాబాయే! రంగుడబ్బా పట్టుకుని సర్కారోళ్ళ ఎనకాల తిరిగాడు గదా!"

క్లాసంతా నావైపు తిరిగింది. ఆ సాయంత్రం బాబాయిని పట్టుకుంటే వల అల్లుతూ తలెత్తలేదు. ఆదివారం కూలికి పోయింది నిజమే. గీతలెందుకని వాళ్ళను అడగలేదు. దారిలో వీరన్న బండాపి అడిగితే, పొద్దున్నుంచీ ఆఫీసర్ల వెంట తిరిగినవాడు తెలీదని ఎట్లా అంటాడు?

"నీళ్ళు ఇందాకా వస్తాయని గుర్తేశారన్నాను. తప్పేముందే? ఇంకెందుకేస్తారు?"

గురువారం బల్లమీద ఆ అల్లిక చివర నా చేత్తోనే బాబాయి పేరు రాశాను. దారినపోయే ఊరంతా చదివించుకుంది. శుక్రవారం పొద్దున బడిలో పిల్లలకు మొక్కజొన్నరవ్వ ఉప్మా ఉడుకుతుండగా మా అమ్మ తడిక తోసుకుని, ముంగిలి దాటి, ఏడాదిగా తొక్కని వరండా ఎక్కేసింది. కోపంలో ఎక్కడ నిలబడిందో ఆమెకే తెలియదు.

"మేష్టారండీ, మా మరిదిని ఊళ్ళో నవ్వులపాలు చేస్తారా? చెరిపెయ్యండి ముందు!"

"చెరుపుతానమ్మా. ఒక్క సంగతి చెప్పండి. ఆ రాత్రి నేనీ ఊళ్ళో లేను. మీరున్నారు. నీళ్ళు మీకు ఎందాకా వచ్చాయి?"

అమ్మ అప్పుడు చుట్టూ చూసింది. దిగిపోతుందనుకున్నాను. దిగలేదు. మెల్లగా గోడ దగ్గరికి వెళ్ళి, గీత వంక చూడకుండా వీపు ఆనించి, ఆ రాత్రి నిలబడ్డ చోటే నిలబడి, గడ్డం కింద చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"ఇందాకా. ఇది నా మెడ మీద కూర్చునుంది."

ఎర్రగీత సరిగ్గా ఆమె చేతికి ఆని అటూ ఇటూ సాగిపోయింది. మేష్టారు మాకు ఆల్చిప్పలిచ్చి ఆ గీత వెంబడి సున్నం గీకమన్నారు. పెచ్చులు రాలుతుంటే కింద బురద చార బయటపడింది, గోడ పొడుగునా, గీతకు సరిగ్గా. రాబోయే నీళ్ళకు గుర్తు కాదది. వచ్చిపోయిన నీళ్ళకు. కట్టబోయే తుపాను షెల్టరు అరుగు అంతకంటే ఎత్తుండాలని కొలుచుకుపోయారని తరవాత ఆ సర్కారువాళ్ళే వచ్చి చెప్పారు.

మేష్టారు అల్లికంతా తుడిచేయించి నా చేత రాయించారు: "ఎర్రగీతలు పోయిన ఏటి నీటి గుర్తులు. చూసినవారు: నాంచారమ్మగారు." ఆ పేరును అమ్మకు రెండుసార్లు చదివి వినిపించాను.

"పున్నమికి ఉప్పెన రాదని కూడా రాయమంటారా?" అన్నాను ఉత్సాహంగా.

"అది నువ్వు చూశావా? నేను చూశానా?" అని, అమ్మవైపు తిరిగారు. "వచ్చేట్టుంటే రేడియోలో చెబుతారమ్మా. చెప్పిన రోజున మీ వెనకే నేనూ బస్సెక్కుతాను."

శనివారం బస్సు వచ్చింది, హారను కొట్టింది, దుమ్ము రేపుకుంటూ పోయింది. అమ్మ ఎండుచేపలు తిరగేస్తూ కూర్చుంది. నేను బడిలో దొండాకు నూరుతున్నాను. బస్సు చప్పుడు గట్టు మలుపులో తగ్గిపోయేదాకా చెయ్యి ఆగిపోయి, తగ్గాక ఎంత జోరుగా నూరానో పక్కవాళ్ళ మొహాలమీద పసరు చిమ్మింది. పున్నమినాడు వెన్నెల పిండారబోసినట్టు కాసింది. కాలవలో అరటిదొప్పల దీపాలు వదిలాం. పున్నమికి సముద్రం కొంత పొంగడం మామూలేననీ, ఉప్పెనంటే పెనుగాలి నెట్టుకొచ్చే నీరనీ చాలా ఏళ్ళ తరవాత గ్రంథాలయంలో చదివి, ఆనాటి మా భయానికి ఇంకోసారి నిట్టూర్చాను.

ఆ ఊరు ఇప్పుడు వేరు. పిల్లలు పసుపు బస్సుల్లో కాన్వెంటుకు పోతున్నారు, బడి మూతపడింది. రొయ్యల చెరువుల కోసం గట్టుమీది తాడిచెట్లు వాటి గీతలతో సహా పోయాయి. షెల్టరు ఉంది, దానిలో ఊరు తలదాచుకున్న తుపానులూ ఉన్నాయి. "ఉప్పెనొచ్చె" ఆట మాత్రం ఎవరూ ఆడరు.

ఇది రాయడానికి గుర్తులు సరిచూసిన నాంచారయ్యకు, నేను అడిగిన పుస్తకమల్లా నిచ్చెనెక్కి దించిన గ్రంథాలయం భాస్కరరావు గారికి, కాగితాలు శుభ్రంగా తిరగరాసిన మా కోడలు శిరీషకు, లేరని తెలిసీ వెంకటరత్నం మేష్టారికి, వెంకాయమ్మ మామ్మకు, చివరిదాకా "నేనన్నదాంట్లో తప్పేముంది" అంటూనే పోయిన ఏడుకొండలు బాబాయికి నా కృతజ్ఞతలు.

ఎనభై దాటిన మా అమ్మకు ఇదంతా చదివి వినిపించి, నీకెట్లా కృతజ్ఞత చెప్పుకోను అన్నాను. ఆమె తమలపాకు ఈనె తీస్తూ, పున్నమి రాత్రి తాను కన్ను మూయలేదంది. నేను నిద్రపోయాక నన్ను భుజాన వేసుకుని బడి వరండాలోకి పోయి తెల్లవార్లూ కూర్చుందట. ఆ చివర మేష్టారు లాంతరు పెట్టుకుని రేడియో చెవి దగ్గర పెట్టుకుని కూర్చున్నారట.

"అంత భయమేస్తే బస్సెక్కలేదేం?"

"బోర్డు మీద ఊరందరికీ కనబడేట్టు నా పేరు రాయించుకుని, మర్నాడే బస్సెక్కితే ఏం బాగుంటదే?" అంది అమ్మ.