దేవుడికి చూపించిన కాగితం

అప్పుడు మేముండేది సూరత్‌లోని బమ్రోలిలో. ఊరి శివారు కామ్‌రేజ్‌లో ఇల్లు కొందామని, మావారికి కంపెనీవాళ్లు జీతంతోపాటు ఇచ్చిన షేర్లు నిరుడు అమ్మాం. పన్ను రిటర్ను రాసే రాజన్న, "షేర్లు ముఫత్‌ల వచ్చినయి గద చెల్లె! అమ్మిన పైసలన్నీ లాభమే. పన్ను మస్తు పడ్తది" అన్నాడు.

అంత పన్ను కడితే ఇల్లు కొనలేం. ఇతనే ఏదో మింగాలని చూస్తున్నాడని నాకు అనుమానం. నాది నాన్న ఇంట్లో నేర్పిన చదువే. అయినా దేవుడి గూట్లో పసుపుబొట్టు పెట్టి దాచిన పాత జీతం కాగితాలు తీసి, వేలు పెట్టి చదివాను. షేర్లు ఇచ్చిన ఏడాదే వాటి విలువను జీతంలో కలిపి పన్ను కోసుకున్నారు!

మర్నాడు ఆ కాగితం పట్టుకెళ్లి, పదిమందిలో నిలదీశాను. "ముఫత్ అంటివి గదన్నా! మమ్ముల ముంచుదామనుకున్నవా?"

రాజన్న నిదానంగా చదివాడు. "గియ్యాల్నే చూస్తున్న దీన్ని. బావ ఈ ఏడాది కాగితమే ఇచ్చిండు. ఆ విలువ తీసేసినంక మిగిలిందే లాభం, పన్ను జరంతే" అని, పసుపుబొట్టు చూసి నవ్వాడు. "దేవునికి జూపెట్టినవ్ గని, నాకు జూపెట్టకపోతివి చెల్లె!"

అందరూ నవ్వారు. నేను తలెత్తలేకపోయాను.

ఇప్పుడు కామ్‌రేజ్ ఇంట్లో రోజూ దీపం పెట్టి, మా కులదైవం మార్కండేయుడికి దండం పెట్టుకుంటాను. ఆ వెంటనే రాజన్ననూ తలచుకుని, మనసులోనే క్షమించమంటాను.