రెండు ఆమేన్‌ల పెళ్లి

1880ల చివర్లో నన్ను రామచంద్రపురం దగ్గరి ఒక పల్లెకు ఉపదేశిగా వేశారు. ఉపదేశి అంటే పాదిరి దొరగారి కింద పనివాడు. దొరగారు ఎప్పుడో ఒకసారి కాలవ మీద పడవలో వచ్చి వెళ్లేవారు. మిగతా రోజుల్లో ఆరాధన నడపడం, చదువు రానివారి చేత వాక్యం వల్లె వేయించడం నా పని. పెళ్లి కుదిరితే వరసగా మూడు ఆదివారాలు గుడిలో ప్రకటన చదవాలి. ఎవరూ అభ్యంతరం చెప్పకపోతేనే పెళ్లి.

మా సంఘంలోని ఏసోబు కూతురు రూతమ్మకు, కాలవ అవతలి సంఘం పెద్ద దానియేలు కొడుకుతో సంబంధం కుదిరింది. మావాళ్లది బైబిలు పాత అనువాదం, వాళ్లది కొత్తగా సరిదిద్దినది. పుస్తకం చూసి చదవగలిగినవాళ్లు రెండు పక్కలా తక్కువే. అయినా ఎవరి బైబిలు వాళ్లకు ముద్దు. మా ముసలివాళ్లయితే ప్రభువు ఆ పాత తెలుగులోనే మాట్లాడాడని నమ్మేవారు, పాపం.

మూడు ప్రకటనలూ నిక్షేపంగా గడిచాయి. పెళ్లినాడు ప్రమాణాలకు ముందు, ప్రభువు నేర్పిన ప్రార్థన అందరినీ కలిసి చెప్పమన్నారు దొరగారు. మొదట్లో కలిసే నడిచింది. తరవాత మావాళ్లదొక దారి, వాళ్లదొక దారి. వాళ్ల గొంతు వినబడకుండా వీళ్లు పెంచారు, వీళ్లను మించి వాళ్లు పెంచారు. క్షమించమని దేవుణ్ణి అడిగే చోట మావాళ్లు ‘అప్పులు’ అంటే వాళ్లు ‘అపరాధాలు’ అన్నారు, ఆయనకు చెముడన్నట్టు. మావాళ్లు ముందుగా ముగించి, పందెం గెలిచినట్టు ‘ఆమేన్’ అని ఒక్క కేక పెట్టారు.

దానియేలుకు ఒళ్లు మండింది.

“ఏంటండీ ఇది? మేం ప్రార్థనలో ఉంటే మధ్యలో ఆమేనా?” అని లేచాడు.

“మా అయ్య నేర్పిన మాటలండీ. మార్చుకుంది మీరు,” అన్నాడు ఏసోబు.

దానియేలు తన కొడుకు చెయ్యి పట్టుకుని గుమ్మం వైపు నడిచాడు. అది దాటితే సంబంధం పోయినట్టే. గుడి దాకా వచ్చి పెళ్లి ఆగిన పిల్లను మళ్లీ ఎవరు చేసుకుంటారు? దొరగారు ఇంగ్లీషులో ఏదో గొణుక్కున్నారు.

రూతమ్మ ముసుగు వెనక్కి తోసింది.

“మావయ్యగారూ, ఒక్క మాటండి. మనం ఎదుటివాళ్లని క్షమించినట్టే మనల్ని క్షమించమని మీ పుస్తకంలో కూడా ఉందాండి?”

“ఎందుకుండదమ్మా? ఉంది,” అన్నాడు దానియేలు.

“మా దాంట్లోనూ ఉందండి. మా నాన్న తప్పు చేశాడు. ఏ పుస్తకం ప్రకారం క్షమిస్తారో మీ ఇష్టమండి.”

దానియేలు తన కొడుకు చెయ్యి వదిలేశాడు. ఏసోబు వెళ్లి, “బావగారూ, వచ్చి కూర్చోండి,” అంటూ చేతులు పట్టుకున్నాడు. పెళ్లి జరిగింది. నాకైతే ఆ పిల్లకు దండం పెట్టాలనిపించింది.

అనువాదాల తేడా పట్టించుకోవలసింది కాదని నేననను. కష్టకాలంలో కంఠతా పట్టిన మాటను ఎవరు మాత్రం వదులుకుంటారు? అయితే అప్పట్నుంచి రెండు సంఘాల మధ్య పెళ్లి పడితే, ఆ ప్రార్థన పెళ్లికూతురి ఒక్కదాని చేతే చెప్పించేవాణ్ణి. అది ఏ అనువాదమని ఏ మావగారూ అడగలేదు.