చిక్కం కట్టిన గుర్రప్పిల్ల

గుర్రాల ఫారంకి వెళ్ళాలంటే హఫీజ్‌పేట్ స్టేషన్‌లో దిగి, కిరాయి సైకిల్ తీసుకుని రాళ్ళగుట్టల మధ్య నుంచి తొక్కాలి. డెబ్బైల చివర్లో నేను పశువైద్య లేబొరేటరీలో కొత్తగా చేరిన డాక్టర్ని. కోస్తా నుంచి వచ్చినవాణ్ణి, గేదెలు తప్ప గుర్రాలు ఎరగనివాణ్ణి. అయినా పొగరుకేం తక్కువ లేదు.

ఆ ఏడు ఎండలు ముదిరే వేళకి ఫారంలో గుర్రప్పిల్లలకి పారుడు పట్టుకుంది. నన్ను పంపారు. మొదట చూపించింది పన్నెండు రోజుల ఆడ గుర్రప్పిల్లని. ఒంటికి సరిపోనంత పొడుగు కాళ్ళు. తోకంతా తడిసి అట్ట కట్టింది, కళ్ళు లోపలికి పోయాయి. దాన్ని చూసుకునే సాయిసు అరవై దాటినవాడు, పక్క ఊరివాడే. పుట్టగానే గోనెపట్టాతో తుడిచి నిలబెట్టింది తనేనని చెప్పి, "నా బిడ్డ సారు ఇది" అన్నాడు.

నేను చదివిన పుస్తకంలో నీళ్ళు పట్టమనే ఉంది. కానీ మా ఇంట్లో ఎవరికి విరేచనాలు పట్టుకున్నా మా అమ్మ చేయించేది ఒకటే, లంఖణం. పాలు లేవు, నీళ్ళు లేవు. కడుపు ఎండితే జబ్బూ ఎండుతుందని ఆవిడ నమ్మకం. నేనూ మా అన్నా అలాగే బతికి బట్టకట్టాం కాబట్టి ఆ మాట నాకు పుస్తకంకన్నా గట్టిగా తలకెక్కింది. సల్ఫా బిళ్ళలు మింగించి, రెండు రోజులు అన్నీ ఆపమన్నాను. తల్లి దగ్గర తాగకుండా, దూడలకి కట్టినట్టు మూతికి తాళ్ళ చిక్కం కట్టమన్నాను.

"నీళ్ళు గూడ వద్దా సారు? జర మూతి తడి చేస్త."

"చుక్క కూడా వద్దు పెద్దాయనా. తాగిన నీళ్ళే కదా కిందకి పోతున్నాయి."

ఆయన జనపతాడుతో చిక్కం అల్లాడు. ముక్కుకి ఒరుసుకోకుండా తన పాత తువాలు చింపి లోపలివైపు కుట్టాడు.

మర్నాడు నేను వెళ్ళేసరికి పిల్ల తల్లి పొదుగుకి మూతి ఆనించి నిలబడి ఉంది. చిక్కం దాటి నాలుక బయటికి రాదు. తల్లికి చేపుకొచ్చిన పాలు వాటంతటవే కారి గడ్డి మీద పడుతున్నాయి. నేను నాడి చూసి, నీళ్ళలాంటి లద్దె కొంచెం సీసాలోకి పట్టి, మా లేబొరేటరీ అలవాటు ప్రకారం కుళ్ళకుండా ఫార్మలిన్ ద్రావకం పోసి మూత పెట్టాను. ఇంకొక్క రోజు ఓపిక పట్టమన్నాను. మూడో రోజు మధ్యాహ్నం గేటు దగ్గర సైకిల్ దిగేసరికి పిల్ల పోయిందన్నారు. వెళ్ళి చూస్తే చిక్కం ఇంకా మూతికే ఉంది.

ఆ సీసాని ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ ఉన్న ఒక పెద్ద సంస్థకి పంపాను. కొన్ని వారాలకి జవాబు వచ్చింది. బండిచక్రం ఆకారంలో ఒక వైరస్ కనిపించిందట. దూడల్లోనూ పసిపిల్లల్లోనూ ఈమధ్యే కనుక్కున్నదాన్ని పోలి ఉందట. అదే రకమా, గుర్రాలది వేరా అన్నది తేల్చాలంటే మంచులో పెట్టిన తాజా నమూనా కావాలి, ఫార్మలిన్ పోసింది పనికిరాదు అని రాశారు. నేను అడగకపోయినా కింద ఇంకో రెండు మాటలు చేర్చారు. దీనికి మందు లేదు. ఒంట్లో నీరు ఇంకిపోవడం వల్లే పిల్లలు చనిపోతాయి, కాబట్టి ఉప్పూ చక్కెరా కలిపిన నీళ్ళు ఆపకుండా పట్టండి.

ఆ కాగితం ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు. నేను దాన్ని దాహంతో చంపాను. ఎటు తిప్పి చెప్పుకున్నా అంతే.

మంచుపెట్టె పట్టుకుని మళ్ళీ ఫారంకి వెళ్ళాను. నెల వయసు దాటిన ఇంకో పిల్లకి పారుడు మొదలైంది. నమూనా తీసుకుని, ఈసారి చిక్కం వద్దని, నీళ్ళు పట్టమని, ఉప్పూ చక్కెరా ఎంత కలపాలో సాయిసుకి చెప్పాను. ఆయన బకెట్ పట్టుకుని ఆగిపోయాడు.

"మొన్న వద్దంటిరి కద సారు."

ఉత్తరంలో ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆయన బకెట్ దించి, పిల్ల తాగుతుంటే దాని మెడ నిమురుతూ కూర్చున్నాడు. తర్వాత నా వైపు చూడకుండానే మాట్లాడాడు.

"రెండో దినం మీరు పోయినంక మనసు ఆగక చిక్కం ఇప్పిన సారు. బకీటు ముంగట వెట్టిన. మూతి వంచింది. ఇంతల, డాక్టరు సారు సదువుకున్నోడు, నాకేం ఎర్క అనిపించి మల్ల కట్టిన. తాగనియ్యలే. నా బిడ్డను నేనే సంపుకున్న."

ఆ రెండో పిల్ల బతికింది. నమూనా పాడవకుండా చేరిందని, వైరస్ దూడలదానికి దగ్గరిదే కానీ వేరే రకమని ఆ తర్వాత రాశారు. ఆఫీసులో నన్ను మెచ్చుకున్నారు కూడా. కానీ ఆ మధ్యాహ్నం, తప్పు మీది కాదు, నాది అని ఆ ముసలాయనతో అనాల్సిన ఒక్క మాట నా నోట రాలేదు. మంచు కరిగిపోతోందని, రైలుకి టైమైందని చెప్పి సైకిలెక్కాను.