చాచా గడ్డం, నా ఆటో లాగిన్

గల్ఫ్‌లో, మబేలా అనే ఊళ్ళో మా రూమ్ కంప్యూటర్‌కి డాక్టర్నీ నేనే, యజమానినీ నేనే. నేను పనిచేసే రిపేరు షాపులో ఎవరో వదిలేసిపోయిన పాత పెట్టె అది. అందులో ఉచితంగా దొరికే లినక్స్ వేశాను. ఆన్ చేస్తే బొమ్మలూ రంగులూ రావు. నల్ల తెర వచ్చి పేరు, పాస్‌వర్డ్ అడుగుతుంది. అవి కొట్టి, ఇంకో కమాండ్ ఇస్తేనే డెస్క్‌టాప్ వస్తుంది. పాత మెషిన్ కదా, బరువు తగ్గుతుందని అలా ఉంచానని అందరికీ చెప్పేవాణ్ణి. అసలు సంగతి, నల్ల తెర ముందు కూర్చుంటే నేనో పెద్ద ఇంజనీర్నన్న భ్రమ నాకు మహా ఇష్టం.

ఆ తెరంటే ఒళ్ళుమంట చాచాకి. కడప ఆయన, కన్‌స్ట్రక్షన్ కంపెనీలో పికప్ డ్రైవరు, మా రూమ్‌లో అందరికన్నా పెద్ద. పాస్‌వర్డ్ కొడుతుంటే నల్ల తెర మీద చుక్క కూడా పడదు. చాచా ఒక అక్షరం కొట్టి, పడలేదనుకుని మళ్ళీ అదే కొట్టి, చివరికి "నీ మిషన్‌కు నా మింద నమ్మకం లేదప్పా" అని లేచిపోయేవాడు.

ఈసారి లేచిపోతే కుదరదు. శుక్రవారం ఆయన ఒక్కగానొక్క కూతురి నిఖా. రెసిడెంట్ కార్డు, అదే బతాకా, రెన్యువల్‌లో ఇరుక్కుని చాచా సెలవు ఆగిపోయింది. పెళ్ళికొడుకు తరపువాళ్ళు ఆగలేదు. కడపలో పెళ్ళి హాల్లో పెద్ద తెర కడుతున్నారు, తండ్రి అందులోంచి చూడాలి.

"ఆ టయానికి నిన్ను షాపుకు పిలిస్తే నేనేం చేయాల? బటన్ నొక్కితే బిడ్డ కనపడాల, అంతే" అన్నాడు చాచా.

డ్యూటీ నుంచి రాగానే కూర్చున్నాను. ఆన్ చేయగానే నేరుగా డెస్క్‌టాప్ రావాలని ఒక కమాండ్ ఇచ్చాను. ఎవర్నీ ఏమీ అడక్కుండా చాచా పేరుతో తలుపు తియ్యమని లాగిన్ సెట్టింగుల ఫైల్లో ఒక లైను రాశాను. ఆపి ఆన్ చేస్తే పాస్‌వర్డ్ అడుగుతూ నిలబడింది. "ఇదేనా నీ ఇంజనీరింగు" అన్నాడు చాచా టీ చప్పరిస్తూ. నాకు చిర్రెత్తుకొచ్చింది. లైను పెట్టాల్సిన చోటు తప్పిందని తేలాక, సరిచేస్తే బుద్ధిగా తెరుచుకుంది. ఆ ఊపులో పెళ్ళి హాలుతో కలిపే వీడియో మీటింగ్ కూడా దానంతటదే మొదలై, కెమెరా, మైకు ఆన్ అయ్యేలా పెట్టేశాను. అడిగినదానికన్నా ఎక్కువ చేయడం మా వంశంలోనే ఉంది.

చాచాకి ఇంకో దిగులుంది, గడ్డం. సెలవుకి వెళ్ళేముందు రంగు వేసుకోవడం గల్ఫ్‌లో పెట్టె కట్టుకోవడమంత మామూలు. నేనూ వేసుకుంటాను. ఇక్కడ ఫోన్‌లో వీడియో కాల్స్ సరిగా కుదరవు, కంప్యూటర్ జోలికి చాచా పోడు, ఇంటికి ఉత్త మాటలే. మాటల్లో తెల్ల వెంట్రుకలు కనపడవు కదా. చాచా గడ్డం ఎప్పుడో ముగ్గుపిండి అయిపోయింది, ఆ సంగతి ఇంట్లో ఎవరికీ తెలీదు.

"పెండ్లి నాడు నన్ను చూసి, మా అబ్బ ముసిలోడయినాడే అని బిడ్డ బాధపడగూడదు నాయనా" అన్నాడు.

శుక్రవారం నమాజు నుంచి వచ్చి చాచా బటన్ నొక్కాడు. నిఖాకి ఇంకా టైముంది. డ్రైవరు కదా, ఎండలో బండి స్టార్ట్ చేసి, ఏసీ చల్లబడేదాకా వదిలేసి, ఆ తర్వాత ఎక్కడం ఆయన అలవాటు. కంప్యూటర్‌నీ అలాగే వదిలేసి, గిన్నెలో రంగు కలుపుకుని, బనియన్ మీదే అద్దం ముందు నిలబడ్డాడు. రూమ్‌లో ఉన్న ఒక్క అద్దమూ కంప్యూటర్ బల్ల పైనే వేలాడుతుంది. పాత టూత్‌బ్రష్‌తో రంగు పూసుకుంటూ ఆయన తెర వంక చూడనేలేదు. నేను వంటగదిలో బిర్యానీకి ఉల్లిపాయలు తరుగుతున్నాను.

నా ఏర్పాటు ఎక్కడా తడబడలేదు. స్పీకర్లోంచి పెళ్ళి హాలు గోల వినపడింది. ఆ వెంటనే ఒక ఆడపిల్ల గొంతు "అబ్బా" అని తండ్రిని పిలిచింది.

కత్తితో సహా పరిగెత్తాను. అవతల ఎర్ర బట్టల్లో పెళ్ళికూతురు, వెనక చుట్టాలంతా. ఇవతల బనియన్‌లో చాచా, గడ్డం ఒక పక్క నల్లగా, ఒక పక్క తెల్లగా, చేతిలో టూత్‌బ్రష్. హాలంతా ఘొల్లుమంది. నాకు తల కొట్టేసినట్టయింది, ప్లగ్ పీకెయ్యబోయాను. చాచా టవల్ అడ్డం పెట్టుకుని, ఒక్క నిమిషంలో ముగించి వస్తానని వాళ్ళ దక్కనీ ఉర్దూలో బతిమాలుతున్నాడు.

కూతురు మాత్రం నవ్వలేదు. "నక్కో అబ్బా, ఐసైచ్ బైఠో" అంది. వద్దు, అలాగే కూర్చోమని. ఇంత తెల్లబడితే నాకెందుకు చెప్పలేదని అడిగింది. చాచా టవల్ పక్కన పడేశాడు. ఉతికి పెట్టుకున్న తెల్ల కమీజు తొడుక్కుని, సగం గడ్డంతోనే కూర్చున్నాడు. పెళ్ళికూతురు కబూల్ అన్నప్పుడు ఆయన కళ్ళనీళ్ళు గడ్డం మీదుగా జారి, కమీజు మీద నల్లటి చారలు పడ్డాయి. నాకూ ఏడుపొచ్చింది. ఉల్లిపాయలని చెప్పాను.

కార్డు చేతికొచ్చాక చాచా సెలవుకి బయల్దేరాడు. ఎయిర్‌పోర్టుకి నేనే తీసుకెళ్ళాను. గడ్డం ముగ్గుపిండిలాగే ఉంది. లోపలికి వెళ్ళేముందు జేబులోంచి రెండు రంగు ప్యాకెట్లు తీసి నా చేతిలో పెట్టాడు.

"నాకింక పన్లేదు. నీకు కావాలంటే ఏసుకో" అన్నాడు.

వచ్చే నెల నా సెలవు. మా అమ్మాయి తొమ్మిదో తరగతి చదువుతోంది. ప్యాకెట్లు బీరువాలో ఉన్నాయి, ఇంకా చింపలేదు.