ఒడెల్లా పెద్దమ్మ మెచ్చుకున్న గోడ

ఒడెల్లా డైజ్‌కు డెబ్భై నాలుగేళ్ళు. మాటలు రాని మొదటి ఏడాది తీసేస్తే, మిగిలిన డెబ్భై మూడేళ్ళలో ఆవిడ ఒక్క మాట కూడా తిన్నగా మాట్లాడలేదు.

తిరగేసి మాట్లాడటం అమెరికాలో చెసపీక్ అఖాతంలోని పెల్హమ్ దీవిలో అందరికీ అలవాటే. చక్కని పిల్లను చూసి "ఎంత కురూపో" అంటారు. జోరున వాన పడుతుంటే "చినుకు లేక చచ్చిపోతున్నాం" అంటారు. మిగతావాళ్ళు దాన్ని పచ్చడిలా నంజుకుంటే ఒడెల్లా కంచం నిండా వడ్డించుకుంది. మాట తిరగేసినప్పుడు ఆవిడ ఎడమ కనుబొమ్మ పైకి లేస్తుంది. అది ఎప్పుడూ లేచే ఉండేది కాబట్టి దీవిలో పుట్టినవాళ్ళకు ఏ చిక్కూ లేదు.

పెళ్ళినాడు పాస్టరు "ఎల్మర్‌ను భర్తగా స్వీకరిస్తావా?" అని అడిగితే "చచ్చినా స్వీకరించను" అంది. పాస్టరు కూడా దీవివాడే కనుక కళ్ళయినా ఆర్పకుండా ఆశీర్వదించాడు. ఎల్మర్ నలభై ఏళ్ళు పీతలు పట్టి, రోజూ ఇంటికి రాగానే "మళ్ళీ వచ్చావూ, ఏం ఖర్మ" అనిపించుకుని, మహా సుఖంగా బతికి కన్నుమూశాడు.

చిక్కంతా అవతలి ఒడ్డువాళ్ళతోనే. ఒకసారి పడవ దిగుతూ జారి మణికట్టు విరగ్గొట్టుకుంటే, ఒడ్డున డాక్టరు నొప్పిగా ఉందా అని అడిగాడు. "అబ్బే, ప్రాణం హాయిగా ఉంది" అంది. ఆయన సంతోషించి ఇంటికి పంపేశాడు. కట్టు కట్టించడానికి మూడో రోజు మళ్ళీ పడవెక్కాల్సి వచ్చింది.

లోకం వేడెక్కి నీళ్ళు పెరిగి, దీవి ఉత్తరపు ఒడ్డు ఏటేటా తరిగిపోతోంది. ఒడెల్లా పెరట్లోని అంజూరపు చెట్టు ఇప్పుడు నీళ్ళలో ఉంది. "పాపం, సముద్రం ఏటా వెనక్కి పోతోంది, దానికెక్కడ చోటు దొరుకుతుందో" అని ఆవిడ జాలిపడేది. చివరికి రాష్ట్రం రాతిగోడకు డబ్బిచ్చింది. కౌంటీ బోర్డు సభ్యుడు వెండెల్ టకర్ ఆ పని తన బావమరిదికి ఇప్పించాడు. బావమరిది రాళ్ళకు బదులు ఇసుక బస్తాలు పేర్చి, పైన సిమెంటు పూసి వెళ్ళిపోయాడు.

నెలనెలా టకర్ పడవలో వచ్చి దీవిలో సభ పెట్టేవాడు. నెలనెలా ఒడెల్లా లేచి గోడను మెచ్చుకునేది. అంత గట్టి గోడ పుట్టి బుద్ధెరిగి చూడలేదనేది. చుక్క నీరు రాక తన వంటింట్లో పీతలు దాహంతో అల్లాడుతున్నాయనేది. జనం పొట్టలు పట్టుకుని నవ్వేవారు. తన పరిపాలనలో జనం ఇంత ఉల్లాసంగా ఉన్నారని టకర్ పొంగిపోయేవాడు.

ఇదంతా రాసుకునే పని లోవీ షోర్స్‌ది. పాతికేళ్ళ లోవీ దీవి గుమాస్తా. ఎవరేమంటే అది అక్షరం పొల్లుపోకుండా రాయాలని ఆమెకు నేర్పారు, అలాగే రాసింది. పాపం, మినిట్స్ పుస్తకానికి కనుబొమ్మలుండవు.

ఒక మంగళవారం లోవీ బల్లమీదికి ఒక ఉత్తరం వచ్చింది. గోడ పూర్తయిందని సంతకం చేయడానికి మర్నాటి సభకు రాష్ట్రం నుంచి ఇన్‌స్పెక్టరు వస్తున్నాడు. సాక్ష్యంగా టకర్ పద్నాలుగు నెలల మినిట్స్ జత చేశాడు, ఒడెల్లా పొగడ్తల కింద ఎర్రగీతలతో సహా. ఆ గీతల పైనున్నది లోవీ సొంత చేతిరాతే. ఆ సంతకం పడితే ఇక రాయి రాదు. ఉత్తరపు వరసలోని పదకొండు ఇళ్ళు రెండు శీతాకాలాలు కూడా ఆగవు. అందులో మూడోది లోవీది.

ఆమె పరుగున వెళ్ళేసరికి ఒడెల్లా పీతలు ఒలుస్తోంది.

"పెద్దమ్మా, రేపొక్కరోజు తిన్నగా మాట్లాడు. ఈ పిల్లకు రాయడం చేతకాదు, అన్నీ తప్పులే రాసిందని చెప్పు. నా ఉద్యోగం పోతే పోయింది, ఇళ్ళు నిలుస్తాయి."

"ఓ, తప్పకుండా చెప్తాను" అంది ఒడెల్లా.

కనుబొమ్మ పైనే ఉంది. లోవీ ఇంటికెళ్ళి అమ్మతో సామాను సర్దుకోవడం గురించి మాట్లాడింది.

మర్నాడు సభలో ఇన్‌స్పెక్టరు హోల్‌కమ్ కొత్త బూట్లతో ముందు వరసలో కూర్చున్నాడు. టకర్ తన మొదటి సాక్షిగా ఒడెల్లానే పిలిచాడు. గోడ బాగుందా అని హోల్‌కమ్ అడిగాడు.

"దివ్యంగా ఉంది బాబూ. చూడాల్సిన పనే లేదు. మీరు రావద్దు" అంటూ ఒడెల్లా ఆయన చొక్కా చెయ్యి పట్టుకుని గుమ్మంవైపు లాక్కుపోయింది.

హోల్‌కమ్ మర్యాదస్తుడు, చెయ్యి విడిపించుకోలేక వెంట నడిచాడు. సభంతా వెనకాలే కదిలింది. గోడ దగ్గర ఆవిడ "ఎత్తెక్కువ, పైకి చూస్తే మెడ పట్టేస్తుంది జాగ్రత్త" అంది. అప్పటికి నీళ్ళు ఆయన మేజోళ్ళ దాకా వచ్చాయి. "నల్లరాయి, గునపం కూడా దిగదు" అని గొడుగు మొనతో పొడిచింది. సిమెంటు పెచ్చు ఊడి ఇసుక బొళబొళా ఆయన బూట్లమీద పడింది. వెనక దీవి దీవంతా నవ్వుతోంది.

హోల్‌కమ్ ఇసుకను చూశాడు, ఒడెల్లా మొహం చూశాడు. తర్వాత నెమ్మదిగా తన కనుబొమ్మ ఎత్తాడు.

"టకర్ గారి బావమరిది మహా నిజాయితీపరుడన్నమాట" అన్నాడు.

జనం చప్పట్లు కొట్టారు. థాంక్స్ చెప్పింది టకర్ ఒక్కడే.

విషయం తలకెక్కాక టకర్ మొహం కందగడ్డయింది. అయితే ఈ మినిట్సన్నీ దొంగరాతలేనని, రాసిన గుమాస్తాను తక్షణం తీసేయాలని పట్టుబట్టాడు. హోల్‌కమ్‌కు అది న్యాయంగానే తోచింది. ఆ పిల్ల తప్పు రాసిందా అని ఒడెల్లాను అడిగాడు. లోవీ తల దించుకుంది.

ఒడెల్లా కనుబొమ్మ కిందికి దిగింది. దీవిలో ఎవరూ అలాంటిది చూసి ఎరగరు, నవ్వులు ఠక్కున ఆగిపోయాయి.

"తప్పు లేదు. నేనన్న మాట అన్నట్టే రాసింది. ఈ పిల్లంత నికార్సయిన మనిషి మీ కౌంటీ మొత్తంలో లేదు" అంది.

హోల్‌కమ్ అది ఉన్నదున్నట్టు రాసుకున్నాడు. గోడ కాగితంమీద సంతకం పెట్టలేదు. టకర్, బావమరిది లాయర్లను వెతుక్కున్నారు. ఆ వేసవిలో పెద్ద పడవలమీద అసలు రాళ్ళు దిగాయి.

మొదటి రాయి పడిన రోజు లోవీ ఒడెల్లా వంటింటికి వెళ్ళింది. కళ్ళలో నీళ్ళున్నాయి, మొహంలో నవ్వూ ఉంది.

"పెద్దమ్మా, పెళ్ళిలో కూడా తిన్నగా మాట్లాడలేదు కదా నువ్వు. నాకోసం ఎందుకు మాట్లాడావు?"

"ఎందుకేమిటి, నీ మొహం చూస్తేనే నాకు పడదు. పో, ఇంకెప్పుడూ మా గుమ్మం తొక్కకు."

లోవీ కుర్చీ లాక్కుని కూర్చుంది.