మైపాడు నీళ్ళలో గుడి గుండిగ

మా గుడి గుండిగను జీవానందం మైపాడులో ఎవరికో ఇచ్చేసి, దాని బదులు పాతదాన్ని ఎక్కడినుంచో తెచ్చిపెట్టాడని మా వీధిలో ఒక మాట తిరుగుతోంది. ఆధారం ఏమిటయ్యా అంటే, మొన్న ఆదివారం చర్చి ఆరాధన అయ్యాక పెట్టిన ప్రేమవిందులో పప్పుచారు రబ్బరు వాసన కొట్టిందట, గుండిగకు కొత్తగా సొట్ట పడిందట. రెండూ నిజమే. గుండిగ మాత్రం అదే. అది గుడి వదిలిన దగ్గరనుంచి తిరిగి పొయ్యెక్కేదాకా దాని పక్కనే ఉన్నది నేను. మధ్యలో ఒక్క గంట నిద్రపోయాను. ఆ గంట సంగతే ఇదంతా.

ముందు జీవానందం ఎవరో చెప్పాలి. యాభై ఎనిమిదేళ్ళ మనిషి. బావుల్లో పడ్డవి తీయడం ఆయన పని. బిందె, మోటారు, మేకపిల్ల, సెల్‌ఫోను, ఏది పడినా ఆయనకే కబురు. నడుముకు తాడు కట్టుకొని, కళ్ళు మూసుకొని దిగుతాడు. "కళ్ళు తెరిస్తే ఏముంటాదక్కా, బురద. చేతుల్తో చూడాల" అంటాడు. నలభై ఏళ్ళలో ఉత్త చేతులతో పైకొచ్చింది లేదు. మా వీధి పిల్లలందరికీ ఈత నేర్పింది కూడా ఆయనే. పద్ధతి ఒకటే. బావిలోకి ఇత్తడి చెంబు విసిరి "తీసుకురాపో" అంటాడు. గట్టు మీద కూర్చొని ఏడ్చే పిల్ల కూడా చెంబు మునిగిపోతుంటే ఏడుపు మరిచి దూకేది. మా మనవరాలు రెజీనా అట్లాగే నేర్చుకుంది.

ఇక నరేంద్రబాబు గారని ఒక పళ్ళ డాక్టరు. ఆయన ఇంటి బావిలోంచి మోటారు తీసినప్పుడు జీవానందంతో స్నేహం కుదిరింది. ఆయనా, బ్యాంకులో పనిచేసే క్యాథరినూ, ఇంకో ఆరుగురూ కలిసి డైవింగ్ క్లబ్బు పెట్టుకున్నారు. వీపుకు గాలి సిలిండరు, ఒంటికి నల్ల రబ్బరు బట్టలు, కాళ్ళకు బాతుకాళ్ళు. ఏడాదిగా ఈతకొలనులోనే మునుగుతున్నారు. కొలను అడుగున నీలం పలకలు తప్ప చూడడానికి ఏముంటుంది? జనవరి ఇరవై ఆరు శుక్రవారం పడింది కదా, ఆ సెలవుల్లో మైపాడు దగ్గర గుడారాలు వేసి సముద్రంలో దిగుదామనుకున్నారు. నీళ్ళ సంగతి తెలిసిన మనిషి తోడుండాలని జీవానందాన్ని రమ్మన్నారు.

ఆయన వచ్చి మా గుడి స్త్రీల సమాజాన్ని పెద్ద గుండిగ అడిగాడు. ఇరవై కేజీల బియ్యం ఉడికే సత్తు గుండిగ అది. అంచున మా అత్త ఆనందకుమారి పేరు చుక్కలతో కొట్టించి ఉంటుంది. ఆ ఆదివారమే ప్రేమవిందు.

"ఆదివారం తొమ్మిదికల్లా పొయ్యి మీద ఉంటాది. నాదీ పూచీ" అన్నాడు.

"లేకపోతే?" అన్నాను.

"లేకపోతే ఇంక నన్నెవురూ బావి కాడికి పిలవబళ్ళేదు."

గుండిగ ఎక్కడికి పోతే మాలో ఒకరు దాని వెంట పోవాలని మా సమాజంలో నియమం. ఎవరు పోవాలన్న ప్రశ్న వచ్చేసరికే నేను సంచి సర్దుకొని ఉన్నాను.

మైపాడు చేరాక గుండిగలో నీళ్ళు పోస్తుంటే పులుసు పెడతారనుకున్నాను. తీరా చూస్తే రబ్బరు బట్టలు జాడించడానికట! ఉప్పు వదలాలంటే మంచినీళ్ళలో ముంచాలట.

"ఏం జీవానందం, గుడి గుండిగలో ఈళ్ళ గుడ్డలు జాడిస్తావా?"

"గుడ్డలు గాదులే సామ్రాజ్యమక్కా, రబ్బరు. తోమితే పోతాది."

పోలేదు. పప్పుచారు కథ అదీ.

ఆ శుక్రవారం పడవలో కొంచెం లోపలికి పోయి, రెండు నిలువుల లోతున ఎనిమిదిమందీ దిగారు. అరగంటకు తేలారు. ముఖాలు చూస్తే చావింటినుంచి వచ్చినట్టున్నారు.

"ఏం కనపడినాయి డాక్టరుగారూ?"

"నా చెయ్యే నాకు కనపళ్ళేదమ్మా. టీలో మునిగినట్టుంది."

క్యాథరిన్ నీళ్ళలో ఫోటోలు తీసే కెమెరా కొత్తగా కొనుక్కుంది. నలభై తీసింది. వద్దంటున్నా వినకుండా నలభయ్యీ చూశాను. అన్నీ టీయే. ఒకదాంట్లో మాత్రం కాస్త పాలెక్కువ.

శనివారం పొద్దున మళ్ళీ దిగారు, మళ్ళీ అంతే. మధ్యాహ్నం అన్నాల దగ్గర డాక్టరుగారు, "ఇంక క్లబ్బు ఎత్తేద్దాం. మనకు ఈతకొలనే గతి" అన్నాడు. క్యాథరిన్ ముక్కు చీదింది. జీవానందం పోయి గుండిగ పక్కన కూర్చొని, దాన్ని వేలితో టంగు టంగుమని కొడుతున్నాడు. చేపల పులుసు రెండోసారి వేయించుకున్నాను కదా, నాకు కన్నంటుకుంది.

లేచేసరికి గుండిగ లేదు.

"అల తీసకపోయిందక్కా" అన్నాడు జీవానందం తాపీగా. "తోముదామని నీళ్ళ కాడికి తీసకపోతి."

నేను అరిచిన అరుపుకు ఇసుకలో పీతలు కన్నాల్లో దూరాయి. గుడారాలు విప్పుతున్న క్లబ్బువాళ్ళు పరుగెత్తుకొచ్చారు.

"రేపు మూడొందలమందికి దేంట్లో వండేది? నీ నెత్తిన వండాల్నా?"

"ఎనమండుగురు సిలిండర్లోళ్ళు ఉండారు గదక్కా, తియ్యలేరా?" అన్నాడు. ముఖంలో దిగులన్నదే లేదు, పైగా నవ్వు. క్లబ్బువాళ్ళకు ఎక్కడలేని హుషారొచ్చి రబ్బరు తొడుక్కున్నారు.

అంతలో కామాక్షయ్య అనే జాలరి భుజాన తెల్ల నీళ్ళ క్యాను వేసుకొని అటు వచ్చాడు. దానికి జానెడు తాడు వేలాడుతోంది.

"నీళ్ళ మీద తేల్తా ఉంటే తాడు కోసి తెచ్చుకున్నా. మంచి క్యాను" అన్నాడు మురిసిపోతూ.

దాన్ని చూడగానే జీవానందం నవ్వు ఆరిపోయింది. "యాడ కోసినావన్నా? ఏ పక్క?" అని ఆయన చెయ్యి పట్టుకున్నాడు.

"సముద్రంలో యాడని చెప్పేది? నీళ్ళల్లో."

జీవానందం ఆ తెగిన తాడు కొసను వేళ్ళతో తడిమి చూసి, పడవ దగ్గరికి పరుగెత్తాడు.

క్లబ్బువాళ్ళందరినీ పడవెక్కించాడు. తాను లుంగీ గోచీ పెట్టి, సిలిండరూ గిలిండరూ లేకుండా ముందు దిగాడు. మిగతావాళ్ళను ఒకే తాడు పట్టుకొని వరసగా రమ్మన్నాడు. "కళ్ళు మూసుకోండి సార్. చూస్తే ఏం దొరకదు. తడమాల." మొదట లారీ టైరు దొరికింది. తర్వాత ఒంటి చెప్పు. క్యాథరిన్ గట్టిగా వాటేసుకొని పైకి లాగింది డాక్టరుగారి కాలు. ఒడ్డున నేను ప్రార్థన మొదలుపెట్టి, మధ్యలో లేచి చూసి, మళ్ళీ మొదటినుంచి చేస్తున్నాను. జీవానందం ప్రతిసారీ ఉత్త చేతులతో తేలుతున్నాడు. నా వైపు మాత్రం చూడడం లేదు.

పొద్దు వాలుతుండగా డాక్టరుగారు బుడుంగున తేలి, "ఆనందకుమారీ! ఆనందకుమారీ!" అని కేకలు పెట్టాడు. ఎవరో ఆడమనిషి మునిగిపోయిందనుకొని జాలర్లు రెండు పడవలు నీళ్ళలోకి తోశారు. రోజూ జనం నోళ్ళలో కనపడని మూలలు వేళ్ళతో వెతికే మనిషి కదా, గుండిగ అంచున చుక్కలు తగలగానే అక్షరం అక్షరం తడిమి చదివేశాడు! పడవలోకి లాగుతుంటే అంచుకు కొట్టుకొని సొట్ట పడింది. లోపల రెండు బండరాళ్ళున్నాయి. అల ఎత్తుకుపోయిన గుండిగలోకి రాళ్ళెలా వచ్చాయని అడగడానికి అప్పుడు నాకు ఊపిరి లేదు. క్లబ్బు ఎత్తేసే మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. ఆ సాయంత్రం ఆ టైరు పక్కన కూడా నిలబడి ఫోటోలు తీయించుకున్నారు.

ఆదివారం తొమ్మిదికి పది నిమిషాలుండగా గుండిగ పొయ్యెక్కింది.

సోమవారం జీవానందం ఇంటికి పోయాను. అరుగు మీద తాళ్ళు ఆరేసుకుంటున్నాడు.

"మంచినీళ్ళకు నాలుగు క్యాన్లు తీసకపోయినాం, మూడే ఇంటికొచ్చినాయి" అన్నాను. "గుండిగలో జూస్తే రెండు రాళ్ళు. అల వచ్చి రాళ్ళు నింపి, క్యాను గుర్తు గట్టి పోతాదా అబ్బయ్యా? నిజం చెప్పు. నువ్వే గదా ముంచినావు?"

చేతిలో తాడు ముడి విప్పి పక్కన పెట్టాడు.

"ఏం జెయ్యమంటావక్కా, అంతమంది ఏడుపుమొహాలు బెట్టుకోనుంటే" అన్నాడు. "పిల్లలైతే చెంబేస్తా. పెద్దోళ్ళు గదా, గుండిగేసినా."