టైరు కింద ఒక చెప్పు

కొత్త జిల్లాలు ఏర్పడిన మరుసటి వేసవిలో, జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల రూట్లు చూసే ఒక డిపోకు నన్ను ట్రాఫిక్ ఇన్‌స్పెక్టరుగా వేశారు. బస్సులు వేళకు కదిలేలా చూడడం, డ్రైవర్ల మీద, కండక్టర్ల మీద వచ్చిన ఫిర్యాదులు విచారించడం నా పని. నా పైన డిపో మేనేజరు. నా కింద, ప్లాట్‌ఫారం దగ్గర కూర్చుని బస్సుల రాకపోకలు చూసే కంట్రోలరు. సారంగాపూర్ వైపు మా తాతకు గడి, అంటే కోటలాంటి దొర ఇల్లు, ఉండేది. ఆయన గుర్రబ్బండి దిగి నడిచిన మనిషి కాడు. గడీ పోయింది, బండీ పోయింది. నేను బస్సుల్లో నిలబడే ప్రయాణం చేశాను గాని, సీటు కోసం ఎన్నడూ తువ్వాల వెయ్యలేదు.

మా వైపు కిటికీలోంచి తువ్వాలో సంచో సీటు మీద ఎవరు ముందు వేస్తే ఆ సీటు వారిదే. ఏ చట్టంలోనూ లేదు గాని, చట్టం కన్నా గట్టిది.

పెండ్లిళ్ల రోజుల్లో ఒకనాడు సిరిసిల్ల బస్సు ప్లాట్‌ఫారం మీద వంకరగా ఆగింది. సరిచేద్దామని డ్రైవర్ రాజమల్లు కొంచెం వెనక్కి పోనిచ్చాడు. జనం "హోల్డాన్" అని అరిచారు. ఆపమనడానికి కండక్టర్లు వాడే మాట అది, అందరికీ వచ్చు. వెనుక టైరు కింద ఒక చెప్పు అప్పడమై ఉంది. ఆ చెప్పు గల మనిషి లచ్చవ్వ, బీడీలు చేసే ఆమె, స్తంభం పట్టుకుని ఒంటికాలి మీద నవ్వుతోంది. అందరూ నవ్వుతున్నారు.

"చెప్పే గదా సార్, కాలు గాదు. కేసేముంది?" అన్నాడు కంట్రోలర్ సత్తయ్య.

నిబంధన ప్రకారం అతని మాట నిజమే. కాని రాజమల్లు చేతులు స్టీరింగ్ వదలడం లేదు. ఇంకో జానెడు జరిగి ఉంటే ఆమె కాలు, అతని ఉద్యోగం రెండూ పోయేవి. అందరికీ చాయ్ చెప్పి, ఏం జరిగిందో అడిగాను.

"కిటికీ అందది సారూ. టైరు మీద కాలు పెట్టి ఎక్కుత, రోజూ గదే పని. ఇయ్యాల బండి కదిలింది," అంది లచ్చవ్వ.

"సీటన్న దొరికిందా?" అని సత్తయ్య ఎగతాళి.

"దొరకకేంది. నా సంచి ఆడనే ఉన్నది. ఎవడన్న తీస్తే జూడు."

బండి వంకరుంటే సత్తయ్యే తిడతాడని, అందుకే జరిపానని రాజమల్లు చెప్పాడు. బండి వెనక్కి పోయేటప్పుడు కండక్టరు కిందికి దిగి, వెనుక నిలబడి ఈల వెయ్యాలి. కండక్టర్ శ్రీను దిగలేదు. "తలుపు కాడ సందేది సార్? ఎక్కెటోళ్లు నన్నే లోపలికి నూకిండ్రు," అన్నాడు.

చాయ్ అయ్యేలోపు సంగతంతా తేలింది. ఇక మీదట బస్సు స్టాండులోకి వచ్చేటప్పుడే, జనం తలుపు కమ్మకముందే, కండక్టరు బయటి గేటు దగ్గర దిగాలన్నాను. కిటికీలోంచి పడ్డ తువ్వాలలు, సంచులు ఏరి, తలుపు దగ్గర ఎవరివి వారికి ఇచ్చెయ్యాలన్నాను. జనం ఊరుకోరన్నాడు మేనేజరు. ఆ పూచీ నాదన్నాను.

మొదటి రోజు కోరుట్ల వైపు ఇబ్రహీంపట్నం పెద్దమనిషి ఒకాయన నా ముందుకొచ్చాడు. "మా తాతల కాలం నుంచి ఏస్తున్నం. తీసెటందుకు నువ్వెవరవయా?"

"మా తాతల కాలం నుంచి వచ్చినవి నాకు చాన పోయినయి. నీకు తువ్వాల చేతికే ఇస్తున్నరు గదా, తీస్కో," అన్నాను.

ఆయన నన్ను ఎగాదిగా చూసి తీసుకున్నాడు. లచ్చవ్వ మాత్రం చెప్పు పోయిన దానికి సీటు కూడా పోవాల్నా అని నెల రోజులు నన్ను తిట్టింది. దసరా నాటికి టైరు ఎక్కేవారు లేరు.

కొన్నాళ్లకు మరో బస్సులో ఒక ప్రయాణికుడి వేళ్లు తలుపులో నలిగాయి. ఈసారి రక్తం వచ్చింది, కేసు అయింది. డ్రైవరు అద్దంలో చూశానన్నాడు, కండక్టరు ఈల వేశానన్నాడు, ప్రయాణికులు ఏమీ చూడలేదన్నారు. విచారణ నిబంధన ప్రకారం ముగిసింది. ఆ తలుపు ఎందుకు మూసుకుందో నాకు ఇప్పటికీ తెలియదు.

దెబ్బ తగిలాక ప్రతివాడూ తన ఉద్యోగం కాపాడుకుంటాడు. ఎవరికీ ఏమీ కానప్పుడే జరిగింది జరిగినట్టు చెబుతారు. విచారణ చెయ్యవలసింది అప్పుడే.